ఫైటింగ్ గేమ్‌లు: ఆన్‌లైన్ ఆట, అదనపు పాత్రలు, అభిమానుల ఎదురుచూపులు

తెర మీద ఇద్దరు యోధులు ముఖాముఖి తలపడే వీడియో గేమ్‌ను ఫైటింగ్ గేమ్ అంటారు. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1991లో ఆర్కేడ్ యంత్రాల కోసం విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2 ఈ తరహా ఆటలకు రూపురేఖలు దిద్దింది. మోర్టల్ కాంబాట్, వర్చువా ఫైటర్, టెక్కెన్, ది కింగ్ ఆఫ్ ఫైటర్స్, గిల్టీ గేర్ ఆ బాటలోనే వచ్చాయి. ఈ వరుసల్లో కొత్త ఆట ఏది ప్రకటించినా, కథ గురించీ బొమ్మల గురించీ అడిగేలోపే అభిమానులు రెండు సంగతులు ఆరా తీస్తారు. దూరాన ఉన్న మనిషితో ఆడితే ఆట నిలకడగా సాగుతుందా? ఆట కొన్నాక ఇంకా వేటివేటికి డబ్బు కట్టాలి?

మొదటిది ఇంజనీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్న, రెండోది వ్యాపారి చెప్పాల్సినది. అయినా గత 20 ఏళ్ళలో అభిమానులు ఎక్కడ సంతోషించారో, ఎక్కడ తిరగబడ్డారో వరుసగా చూస్తే రెంటి వెనుకా ఒకే కోరిక కనిపిస్తుంది. తమకు సరిజోడీ అయిన ప్రత్యర్థి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకాలి, ఆ ఇద్దరి గెలుపోటములను చేతి నేర్పు తప్ప మరేదీ తేల్చకూడదు. కొత్త పాత్రకు డబ్బు కట్టడానికి ఈ అభిమానులు పెద్దగా వెనుకాడరు. ప్రత్యర్థిని దూరం చేసే ఏ ఏర్పాటునూ మాత్రం ఒప్పుకోరు.

పక్కపక్కన నిలబడి ఆడిన కాలం

ఆర్కేడ్‌లో ప్రత్యర్థి భుజం తగిలేంత దగ్గర్లో ఉండేవాడు. నాణెం వేసి ఆట మొదలుపెట్టాక గెలిచినవాడు యంత్రం దగ్గరే నిలిచేవాడు, ఓడినవాడు మళ్ళీ నాణెం వేయాలి లేదా పక్కకు తప్పుకోవాలి. బటన్ నొక్కడానికీ తెర మీద దెబ్బ పడటానికీ మధ్య ఆలస్యం ఇద్దరికీ ఒక్కటే. నేటి పోటీ సంస్కృతి ఆ గదుల్లోనే పుట్టింది. 1996లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణంలో బ్యాటిల్ బై ద బే అనే పేరుతో మొదలైన చిన్న పోటీ 2002లో ఎవల్యూషన్‌గా, అందరి నోటా ఈవోగా మారి, ఫైటింగ్ గేమ్‌లకు ప్రపంచంలోకెల్లా పేరున్న పోటీ అయింది.

తెలుగు పట్టణాల్లో ఈ తరహా ఆటలు ఎక్కువమందికి పరిచయమైంది గంటకింత అని అద్దె తీసుకునే వీడియో గేమ్ పార్లర్లలో. 1990ల చివర్లో, 2000ల మొదట్లో అక్కడ రాజ్యమేలింది ప్లేస్టేషన్ మీద నడిచే టెక్కెన్ 3. మన పొరుగున పాకిస్తాన్‌లోనూ ఇలాంటి గదుల నుంచే బలమైన ఆటగాళ్ళు ఎదిగారు. లాహోర్‌కు చెందిన అర్సలాన్ యాష్ 2019లో ఈవో జపాన్, లాస్ వేగాస్‌లోని ఈవో రెండింటిలోనూ టెక్కెన్ 7 విజేతగా నిలిచి, కొరియా, జపాన్ ఆటగాళ్ళే మేటి అనుకున్న లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. మంచి ప్రత్యర్థులు పక్కనే ఉంటే ప్రపంచానికి దూరంగా ఉన్న ఊళ్ళోనైనా నైపుణ్యం ఎంత ఎత్తుకు చేరుతుందో ఆ గెలుపు చూపింది. అలాంటి పొరుగు లేనివారికి ఆన్‌లైన్ తప్ప దిక్కు లేదు. అందుకే ఆన్‌లైన్ ఆట నాణ్యత గురించి వారికంత పట్టుదల.

సెకనులో అరవయ్యో వంతు

ఫైటింగ్ గేమ్ సెకనుకు 60 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. ఒక్కో ఫ్రేము వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. స్ట్రీట్ ఫైటర్ 6లో చాలా పాత్రల అతివేగమైన దెబ్బ 4 ఫ్రేముల్లో, టెక్కెన్‌లో మామూలు జాబ్ (చిన్న పిడిగుద్దు) 10 ఫ్రేముల్లో తగులుతుంది. కంటితో చూసి చేతితో స్పందించడానికి మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. ఆట తయారుచేసేవారు ప్రతి దెబ్బనూ ఈ లెక్కతోనే తూకం వేస్తారు. చూసి ఆపగలిగే దెబ్బ ఏది, ముందే పసిగట్టి ఆపాల్సిన దెబ్బ ఏది అన్నది నాలుగైదు ఫ్రేముల తేడాలో ఉంటుంది. నెట్‌వర్క్ వల్ల ఆ నాలుగైదు ఫ్రేములూ పోతే ఆడుతున్నది వేరే ఆటే.

ఈ ఆలస్యంలో కొంత భాగాన్ని ఎంత డబ్బు పోసినా తీసేయలేం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి టోక్యోకు భూమి మీద సూటిగా కొలిస్తే సుమారు 6,300 కిలోమీటర్లు. సంకేతం వెళ్ళి రావడానికే 63 మిల్లీసెకన్లు కావాలి. డల్లాస్‌లో స్థిరపడ్డ అన్నయ్యతో విజయవాడ తమ్ముడు ఆడాలంటే దూరం 14,000 కిలోమీటర్లు దాటుతుంది. వెళ్ళి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు. సముద్రం అడుగున కేబుళ్ళు వంకర్లు తిరుగుతాయి, దారి పొడవునా రూటర్లు ఉంటాయి కాబట్టి అసలు అంకె ఇంతకంటే బాగా ఎక్కువే. కొత్త ఆట వస్తుందనగానే భారతీయ ఆటగాళ్ళు మన దగ్గర మ్యాచ్ జతచేసే సర్వర్ ఉంటుందా, సింగపూర్ మీదుగా తిరిగి రావాలా అని అడగడానికి కారణం ఇదే. చాలా ఫైటింగ్ గేమ్‌లలో అసలు పోటీ ఇద్దరి యంత్రాల మధ్యే నేరుగా సాగుతుంది. అందువల్ల సర్వర్ దగ్గర్లో ఉండటం ఒక్కటే సరిపోదు, సమీపంలో తగినంతమంది ఆటగాళ్ళు కూడా ఉండాలి.

ఈ ఆలస్యాన్ని దాచే పద్ధతిని ఆటగాళ్ళు నెట్‌కోడ్ అంటారు. పాత పద్ధతి డిలే. ప్రత్యర్థి నొక్కిన బటన్ సమాచారం అందేదాకా ఇద్దరి ఆటనూ ఆపి ఉంచడం అందులోని కిటుకు. నెట్ కుదురుగా ఉంటే నీళ్ళలో నడిచినంత బరువుగానైనా ఆట సాగుతుంది, కుదురు తప్పితే కాసేపు ఆగిపోతూ, కాసేపు పరుగెత్తుతూ వరుస దెబ్బల కాంబోలను తెంచేస్తుంది. కొత్త పద్ధతి రోల్‌బ్యాక్. ఇందులో ఆట ఎవరి కోసమూ ఆగదు. ప్రత్యర్థి కిందటి ఫ్రేములో ఏం నొక్కాడో ఇప్పుడూ అదే నొక్కుతున్నాడని ఊహించుకుని ముందుకు పోతుంది. అసలు సమాచారం అందాక ఊహ తప్పని తేలితే, దాచి ఉంచిన పాత స్థితికి వెనక్కి వెళ్ళి, సరైన బటన్‌తో అన్ని ఫ్రేములనూ మళ్ళీ లెక్కించి, ఒక్క ఫ్రేము వ్యవధిలో ప్రస్తుతానికి వచ్చేస్తుంది. మనిషి సెకనుకు 60 సార్లు నిర్ణయం మార్చుకోడు కాబట్టి ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. తప్పినప్పుడు పాత్ర చిన్నగా ఎగిరినట్టు కనిపిస్తుందే తప్ప చేతికి బరువు తగలదు.

ఈ పద్ధతికి ఫైటింగ్ గేమ్‌లలో ప్రాణం పోసినవాడు ఒక అభిమాని. ఈవో స్థాపకుల్లో ఒకడైన టోనీ క్యానన్, స్ట్రీట్ ఫైటర్ 2 పాత కూర్పు 2006లో ఎక్స్‌బాక్స్ 360కి ఆన్‌లైన్‌లో వచ్చినప్పుడు దాని తీరు నచ్చక జీజీపీఓ అనే రోల్‌బ్యాక్ లైబ్రరీ రాశాడు. 2011లో స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ ఆన్‌లైన్ ఎడిషన్, 2012లో స్కల్‌గర్ల్స్ దాన్ని వాడుకున్నాయి. 2019లో దాన్ని ఓపెన్ సోర్స్‌గా అందరికీ వదిలేశాడు. అమెరికా సంస్థలు త్వరగానే ఈ దారి పట్టాయి: 2013 నాటి కిల్లర్ ఇన్‌స్టింక్ట్ మొదటి నుంచీ రోల్‌బ్యాక్‌తోనే వచ్చింది, నెదర్‌రెల్మ్ స్టూడియోస్ తన మోర్టల్ కాంబాట్ ఎక్స్‌కు విడుదలైన మరుసటి ఏడాది దాన్ని జోడించింది. జపాన్ సంస్థలు చాలాకాలం కదల్లేదు. చిన్న దేశం, మంచి ఫైబర్ లైన్లు, ఇంకా బతికున్న ఆర్కేడ్‌లు ఉన్నచోట డిలే పద్ధతి అంత బాధించదు. మయామీ నుంచో ముంబై నుంచో ఆడేవాడి కష్టం టోక్యోలో కూర్చున్న బృందానికి తన తెర మీద కనిపించలేదన్నది నా అభిప్రాయం.

కరోనా ఆ దూరాన్ని ఒక్కసారిగా చెరిపేసింది. 2020లో సభాస్థలాలన్నీ మూతపడితే పోటీలన్నీ ఆన్‌లైన్‌కు మారాల్సి వచ్చింది. ఈవో ఆ ఏడాది తలపెట్టిన ఆన్‌లైన్ పోటీకి కొత్తగా చేర్చినవి మోర్టల్ కాంబాట్ 11, కిల్లర్ ఇన్‌స్టింక్ట్, స్కల్‌గర్ల్స్, దెమ్స్ ఫైటిన్ హర్డ్స్. నాలుగూ రోల్‌బ్యాక్ ఆటలే. నిర్వాహకుల్లో ఒకరి మీద వచ్చిన ఆరోపణలతో ఆ పోటీ చివరికి రద్దయింది గానీ, ఆ ఎంపిక చెప్పిన సంగతి మాత్రం పరిశ్రమకు చేరింది. ఆ ఏడాదే ఆర్క్ సిస్టమ్ వర్క్స్ తన పాత గిల్టీ గేర్ ఎక్స్ఎక్స్ యాక్సెంట్ కోర్ ప్లస్ ఆర్‌కు రోల్‌బ్యాక్ జోడిస్తే, ఎనిమిదేళ్ళ నాటి ఆటకు మళ్ళీ జనం వచ్చారు. 2018లో డిలే పద్ధతితో వచ్చిన డ్రాగన్ బాల్ ఫైటర్‌జెడ్‌కు 2024లో రోల్‌బ్యాక్ అందింది. ఇప్పుడు ఈ సౌకర్యం లేకుండా పెద్ద ఫైటింగ్ గేమ్ ప్రకటిస్తే అభిమానులు దాన్ని సగం ఆటగానే లెక్కేస్తారు.

బీటా పరీక్షలు నేర్పినవి

విడుదలకు ముందు అభిమానుల నాడి తెలిసేది బీటా పరీక్షల్లో. స్ట్రీట్ ఫైటర్ 5 మొదటి బీటా 2015 జులైలో సర్వర్లు నిలవక మధ్యలోనే ఆగిపోయింది. 2016 ఫిబ్రవరిలో ఆట వచ్చినప్పుడు 16 పాత్రలున్నాయి, ఒంటరిగా ఆడే ఆర్కేడ్ మోడ్ లేదు, ఓటమి ముంగిట కనెక్షన్ తెంచుకుని పారిపోయేవారిని శిక్షించే గట్టి ఏర్పాటూ లేదు. రోల్‌బ్యాక్ ఉన్నమాట నిజమే. అయితే ఇద్దరి గడియారాలూ సరిగ్గా కలవక భారమంతా ఒకరి మీదే పడేది: ఒకరి తెర మీద ఆట సాఫీగా సాగుతుంటే, రెండోవారి తెర మీద ప్రత్యర్థి మాయమై ఇంకోచోట తేలేవాడు. నాలుగేళ్ళపాటు ఆటగాళ్ళు ఈ మాటే చెబుతూ వచ్చారు. 2020 జనవరిలో ఒక అభిమాని పీసీ కూర్పుకు సొంతంగా సవరణ రాసి బయటపెట్టాక, మరుసటి నెలలో క్యాప్‌కామ్ అధికారిక సవరణ విడుదల చేసింది. పేరుకు రోల్‌బ్యాక్ ఉంటే చాలదనీ, అది ఎంత శ్రద్ధగా అమర్చారన్నదే అసలు విషయమనీ అభిమానులు ఆ నాలుగేళ్ళలో నేర్చుకున్నారు. బీటాకు వచ్చేవారు నేడు కాంబోలతోపాటు ఖండాంతర మ్యాచ్‌లు ఆడి కొలతలు తీసి చూపడం అప్పటి అనుభవ ఫలితమే.

దీనికి ఎదురుగా గిల్టీ గేర్ స్ట్రైవ్ ఉంది. 2020 ఏప్రిల్ నాటి క్లోజ్డ్ బీటాలో తెర మీది అంకెలు, పట్టీల అమరిక నచ్చలేదని ఆటగాళ్ళు చెబితే దాన్ని మార్చారు. 2021 ఫిబ్రవరి ఓపెన్ బీటాలో మ్యాచ్ మొదలయ్యాక ఆట అద్భుతంగా నడిచింది, మ్యాచ్ దాకా తీసుకెళ్ళే లాబీ మాత్రం విసిగించింది. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ విడుదలను ఏప్రిల్ 9 నుంచి జూన్ 11కి వాయిదా వేసి, ఆన్‌లైన్ లాబీనీ సర్వర్లనూ మెరుగుపరచడానికే ఆ గడువని చెప్పింది. ఆ వాయిదాను మెచ్చుకున్నవారే ఎక్కువ.

2023 జూన్ 2న వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6 ఈ పాఠాలన్నీ ఒకచోట చేర్చింది. మూడు బీటాలు నడిపారు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, పీసీ ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఆడుకునే క్రాస్‌ప్లే మొదటి రోజు నుంచీ ఉంది. ప్రత్యర్థి వైఫై మీద ఉన్నాడా, కేబుల్ మీద ఉన్నాడా అన్నది మ్యాచ్ ఒప్పుకునే ముందే తెలుస్తుంది. వైఫైలో సగటు వేగం బాగున్నా ప్యాకెట్లు ఒకటి ముందు, ఒకటి వెనుక వస్తాయి. రోల్‌బ్యాక్‌ను తికమక పెట్టేది ఆ అస్థిరతే గనుక ఈ చిన్న గుర్తుకు ఎంతో విలువ ఉంది. మ్యాచ్ కోసం ఎదురుచూస్తూ ట్రైనింగ్ మోడ్‌లో సాధన చేసుకోవచ్చు. ప్రతి దెబ్బ ఫ్రేముల లెక్కా ఆటలోనే ఉచితంగా కనిపిస్తుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మోర్టల్ కాంబాట్ 1 క్రాస్‌ప్లే లేకుండా వచ్చి, మరుసటి ఏడాది దాన్ని చేర్చుకుంది. స్ట్రీట్ ఫైటర్ 6తో పోల్చి చూసిన అభిమానులకు ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపించింది. క్రాస్‌ప్లే కోరిక వెనుక ఉన్నదీ జనాభా లెక్కే. భారత్ వంటి చోట ఆటగాళ్ళే తక్కువ, వారూ మూడు యంత్రాల మీద మూడు గుంపులుగా విడిపోతే అర్ధరాత్రి పూట ఒక్కరైనా దొరకరు.

అదనపు పాత్రల బేరం

ఇంటర్నెట్ లేని రోజుల్లోనూ ఈ ఆటలు విడతలుగానే అమ్ముడయ్యాయి. స్ట్రీట్ ఫైటర్ 2కే 1992 నుంచి 1994 దాకా ఛాంపియన్ ఎడిషన్, టర్బో, సూపర్, సూపర్ టర్బో అంటూ వరుస కూర్పులొచ్చాయి, ప్రతిసారీ కొత్త కూర్పును పూర్తి ధరకు కొనాల్సిందే. 2011 ఫిబ్రవరిలో వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3కి అదే నవంబర్‌లో అల్టిమేట్ కూర్పు వేరే డిస్కుగా వచ్చినప్పుడు, ఇలా ఏటేటా కొత్త డిస్కు కొనేకంటే ఇష్టమైన పాత్రను మాత్రమే డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతే మేలని చాలామందికి తోచింది. డీఎల్‌సీ అనే ఈ డౌన్‌లోడ్ పద్ధతిని అభిమానులు మొదట్లో స్వాగతించిన సంగతి నేటి గొడవల మధ్య మరుగున పడిపోతోంది.

ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ 2012 మార్చిలో తగిలింది. స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ డిస్కులోనే 12 పాత్రలు పూర్తిగా తయారై ఉన్నాయనీ, వాటికి తాళం వేసి తర్వాత అమ్మాలని చూస్తున్నారనీ బయటపడింది. కొన్నవారూ కొననివారూ ఇబ్బంది లేకుండా కలిసి ఆడుకోవడానికే పాత్రలన్నీ డిస్కులో పెట్టామని క్యాప్‌కామ్ వివరించింది. సాంకేతికంగా ఆ మాట కొట్టిపారేసేది కాదు, నిజంగానే ప్రత్యర్థి కొన్న పాత్ర సమాచారం నా యంత్రంలోనూ ఉండాలి. కానీ తయారైన వస్తువును చేతికిచ్చి తాళం చెవికి వేరే ధర అడగడాన్ని అభిమానులు ఈనాటికీ మరిచిపోలేదు. ఇప్పుడు ఆ సమాచారాన్ని ఉచిత అప్‌డేట్‌గా అందరికీ పంపి, ఆడే హక్కును మాత్రం అమ్ముతున్నారు. విడుదలకు ముందే సీజన్ పాస్ (తర్వాత వచ్చే పాత్రలను ముందుగా కలిపి అమ్మే కట్ట) పాత్రల పేర్లు ప్రకటిస్తే అభిమానులు ఇంకా అనుమానంగా చూడటానికి మూలం అక్కడుంది.

తర్వాత వచ్చిన పద్ధతుల్లో కొన్ని మెప్పు పొందాయి. కిల్లర్ ఇన్‌స్టింక్ట్ ఆటను ఉచితంగా ఇచ్చి, ఒక పాత్రతో ఆడనిచ్చి, మిగతావి విడిగా అమ్మింది. స్ట్రీట్ ఫైటర్ 5 ఇక కొత్త డిస్కు కొనక్కర్లేదని, బ్యాలెన్స్ మార్పులన్నీ ఉచితమని మాటిచ్చింది, ఆడి సంపాదించిన ఫైట్ మనీతో పాత్రలు కొనుక్కోనిచ్చింది. స్ట్రీట్ ఫైటర్ 6లో మొదటి ఏడాది రషీద్, ఏకేఐ, ఎడ్, అకూమా, రెండో ఏడాది ఎం. బైసన్, టెర్రీ, మాయి, ఎలెనా వచ్చారు. టెర్రీ, మాయి ఒకప్పటి ప్రత్యర్థి సంస్థ ఎస్ఎన్‌కే పాత్రలు. డబ్బు కట్టి మరీ అభిమానులు పండగ చేసుకున్నారు. కాసేపు ఆడి చూసుకోవడానికి అద్దె టికెట్లూ ఇచ్చారు.

గొడవలు మరోచోట వచ్చాయి. 2023 ఆగస్టులో స్ట్రీట్ ఫైటర్ 6లో నింజా టర్టిల్స్ దుస్తులు ఒక్కోటి దాదాపు 15 డాలర్లు పడేలా పెట్టారు. దుస్తుల ధరకూ, కొనాల్సిన కాయిన్ల ప్యాకెట్లకూ లెక్క కుదరదు గనుక చేతిలో ఎప్పుడూ కొన్ని కాయిన్లు మిగిలిపోతాయి. మోర్టల్ కాంబాట్ 1లో హాలోవీన్ ఫేటాలిటీ (ఓడినవాడిని అంతం చేసే దృశ్యం) ఒక్కదానికి 10 డాలర్లు అడిగితే అభిమానులు మండిపడ్డారు. 2024 జనవరిలో 32 పాత్రలతో ఘనంగా విడుదలైన టెక్కెన్ 8, సమీక్షలన్నీ రాసేసిన కొన్ని వారాలకు దుకాణం తెరిచింది, ఆ తర్వాత ఆడేకొద్దీ బహుమతులిచ్చే ఫైట్ పాస్ తెచ్చింది. అక్టోబర్‌లో ఒక కొత్త పోరాట వేదిక సీజన్ పాస్ కొన్నవారికీ విడిగా అమ్ముతున్నారని తెలిసి దుమారం రేగితే, నిర్మాత కత్సుహిరో హరాడా క్షమాపణ చెప్పాడు. ధర ఎక్కువనడం కంటే ముందే చెప్పలేదనడమే అక్కడి అసలు ఫిర్యాదు. ఏమేం అమ్ముతారో ఆట కొనేనాటికే తెలియాలన్నది న్యాయమైన కోరిక.

అన్నింటికంటే లోతైన అభ్యంతరం దుస్తుల మీద కాదు, తెలివిడి అమ్మకం మీద. టెక్కెన్ 7 ఫ్రేముల వివరాలు చూపే సదుపాయాన్ని 2019లో డబ్బుకు అమ్మింది. ఏ దెబ్బ తర్వాత ఎవరి వంతు అని తెలుసుకోవడం ఈ ఆటలో అక్షరాభ్యాసం లాంటిది, దానికి ధర కట్టడం నాకూ మింగుడుపడదు. దీని చుట్టమే ఇంకో సమస్య. కొత్త పాత్రను కొననివాడికి దాన్ని ఎలా ఎదుర్కోవాలో సాధన చేసే దారి తక్కువ. కొనకపోయినా ట్రైనింగ్ మోడ్‌లో ప్రత్యర్థిగానైనా నిలబెట్టుకోనివ్వాలని అభిమానులు ఏళ్ళుగా అడుగుతున్నారు. కొత్త పాత్ర మరీ బలంగా వస్తే ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. 2019 డిసెంబర్‌లో టెక్కెన్ 7లోకి వచ్చిన లీరాయ్ స్మిత్‌ను మరుసటి నెల ఈవో జపాన్ చివరి ఎనిమిది మందిలో ఎక్కువమంది వాడారు, విజేత కూడా అతనితోనే గెలిచాడు. తర్వాత అతని బలాన్ని తగ్గించారు గానీ, గెలవాలంటే కొనాలి అనే మాట అప్పటికే ఊరంతా పాకింది.

అతిథి పాత్రల మీదా అభిప్రాయభేదాలున్నాయి. 2025 ఏప్రిల్‌లో 26 ఏళ్ళ విరామం తర్వాత తిరిగొచ్చిన ఫేటల్ ఫ్యూరీ: సిటీ ఆఫ్ ద వుల్వ్స్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డోను పాత్రగా పెట్టడం పాత అభిమానులకు రుచించలేదు, అదే ఆటలో డీఎల్‌సీగా ప్రకటించిన స్ట్రీట్ ఫైటర్ పాత్రలు కెన్, చున్-లీలకు మాత్రం ఎర్రతివాచీ పరిచారు. వరుస చరిత్రతో సంబంధం ఉన్న అతిథికి అభిమాని ఇంటిమనిషిలా చోటిస్తాడు.

ఎదురుచూస్తున్న ఆటలు, ఆగిపోయిన ఆటలు

2025 జూన్‌లో ప్రకటించిన మార్వెల్ టోకోన్: ఫైటింగ్ సోల్స్‌ను ఆర్క్ సిస్టమ్ వర్క్స్ ప్లేస్టేషన్ 5, పీసీల కోసం తయారుచేసింది. నలుగురి జట్టుతో నలుగురి జట్టు తలపడే ఆట ఇది. ప్రకటన వెలువడగానే అభిమానుల చర్చ సరిగ్గా పాత ప్రశ్నల మీదికే మళ్ళింది. తెర మీద ఇంతమంది ఉంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ లెక్కించే భారం పెరుగుతుంది, మరి రోల్‌బ్యాక్ నిలుస్తుందా? జట్టుకు నలుగురు కావాలంటే తొలిరోజు ఎన్ని పాత్రలు చేతికొస్తాయి? రయట్ గేమ్స్ వారి 2ఎక్స్‌కేఓ ఉచితంగా వచ్చే దారి ఎంచుకుంది. దాని పునాది వేసినవారిలో జీజీపీఓ రాసిన టోనీ క్యానన్, అతని సోదరుడు టామ్ ఉన్నారు; వారి చిన్న సంస్థను రయట్ 2016లో కొన్నది. సెగా వర్చువా ఫైటర్ 5కు రోల్‌బ్యాక్ జోడించి 2025 జనవరిలో పీసీ మీద విడుదల చేసింది. అంతకు నెల ముందే కొత్త వర్చువా ఫైటర్ ప్రకటించి ఉండటంతో, రాబోయే ఆట నెట్‌కోడ్‌కు దీన్నే మచ్చుగా చూసినవారు చాలామంది.

ఉచిత ఆట అనగానే ఇంకో భయం తలెత్తుతుంది. వార్నర్ బ్రదర్స్ వారి మల్టీవర్సస్ 2022లో బీటాగా వచ్చి, 2023లో మూతపడి, 2024 మేలో మళ్ళీ తెరుచుకుని, 2025 మే 30న ఆన్‌లైన్ సేవలు నిలిపేసింది. దాని పాత్రల మీద డబ్బు పెట్టినవారికి ఆఫ్‌లైన్ ఆట ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అభిమానులు కొత్తగా అడుగుతున్నది ఈ సంగతే: సర్వర్ ఆపేసిన రోజున ఇద్దరు మిత్రులు నేరుగా కలుపుకుని ఆడుకునే వీలు ఆటలో ఉంటుందా?

అడగడానికి వారికి ఆధారం ఉంది. ఫైట్‌కేడ్ అనే వేదిక పాత ఆర్కేడ్ ఆటలను ఎమ్యులేటర్ ద్వారా, జీజీపీఓ నుంచి వచ్చిన రోల్‌బ్యాక్‌తో ఆడిస్తుంది. 1999లో వచ్చిన థర్డ్ స్ట్రైక్, 1998 నాటి కింగ్ ఆఫ్ ఫైటర్స్ '98 అక్కడ నేటికీ ఆడుతున్నారు. నింటెండో సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ 2001లో ఆన్‌లైన్ అనే ఊసే లేకుండా వచ్చిన ఆట. 2020లో అభిమానులే స్లిప్పీ అనే రోల్‌బ్యాక్ ఏర్పాటు తయారుచేసుకుని ఇళ్ళ నుంచి పోటీలు నడుపుకున్నారు.